తలదెబ్బ తరువాత లోపల రగిలే మంట

గత శ్రావణమాసంలో పల్నాడు ప్రాంతం నుండి నడివయస్సు దంపతులు నా వద్దకు వచ్చారు. వారి పెద్ద కుమారునికి 24 ఏళ్ళు. మోటారు సైకిలు మీద నుండి పడి తలకు దెబ్బ తగిలి అప్పటికి ఎనిమిది నెలలు. శస్త్రచికిత్స జరిగి ప్రాణం దక్కినది గాని కుడి చెయ్యి, కుడి కాలు పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. మాట తడబడుతున్నది. చిన్న విషయానికే కోపం, ఆ వెంటనే ఏడుపు. తండ్రి సంచిలో నుండి రంగుల కరపత్రం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. కణచికిత్సతో మెదడును తిరిగి మొలిపిస్తామని అందులో వ్రాసి ఉన్నది. ఖర్చు లక్షలలో ఉన్నది.

"రెండెకరాలు బేరానికి పెట్టామండీ ఆచారిగారూ. మీరు చేయించమంటే చేయిస్తాం" అన్నాడు. తల్లి ఏమీ మాట్లాడలేదు. నా ముఖం వంక చూస్తూ కూర్చున్నది.

ఆయుర్వేద వైద్యుని వద్దకు వచ్చి కణచికిత్స గురించి అడుగుట ఏమిటని పాఠకులకు అనిపించవచ్చును. కాని మన ఇళ్ళలో పెద్ద నిర్ణయం తీసుకొనే ముందు ఇటువంటి సలహాలు అడగడం ఆనవాయితీయే. పైగా ఈ మధ్య కొందరు దీనికి సరిగ్గా ఎదురు ప్రశ్న కూడా అడుగుతున్నారు: "శోథహరమైన పసుపు, గుగ్గులు మన ఇంట ఉండగా ఆ కణాల గొడవ మనకెందుకు?" అని. ఈ ఇద్దరూ ఒకే పొరపాటు పడుతున్నారని నా అభిప్రాయం. మెదడులోని మంటను ఏదో ఒకదానితో ఆర్పివేస్తే సరిపోతుందని ఇద్దరూ నమ్ముతున్నారు. అది అంత సులభమైన మంట కాదు.

తలకు దెబ్బ తగిలినప్పుడు జరిగే హాని రెండు విడతలు. ఎముక చిట్లడం, రక్తనాళం తెగడం, మెదడు కపాలపు గోడకు కొట్టుకొని లోపలి తంతువులు సాగి తెగిపోవడం, ఇవి మొదటి విడత. ఇది క్షణాలలో ముగుస్తుంది. దానిని ఏ వైద్యుడూ వెనుకకు త్రిప్పలేడు. రెండవ విడత ఆ తరువాత గంటల తరబడి, రోజుల తరబడి నడుస్తుంది. చితికిన కణాల నుండి వెలువడే పదార్థాల వలన మెదడులోని కాపలా కణాలు మేల్కొంటాయి. వీటికి మైక్రోగ్లియా అని పేరు. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు పియో దెల్ రియో హోర్తెగా 1919లో వీటిని వేరుగా గుర్తించి పేరు పెట్టాడు. మామూలు వేళలలో రక్తానికి, మెదడుకు మధ్య గట్టి కంచె వంటి ఏర్పాటు ఒకటి ఉంటుంది. దెబ్బతో ఆ కంచె సడలుతుంది. రక్తంలోని తెల్లకణాలు లోపలికి చొరబడతాయి, నీరు చేరుతుంది, వాపు మొదలవుతుంది. కాలికో చేతికో వాపు వస్తే చర్మం సాగి చోటు ఇస్తుంది. కపాలం సాగదు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ రక్తప్రసారం తగ్గి, మొదటి దెబ్బకు తప్పించుకున్న కణాలు కూడా నశిస్తాయి. ఆసుపత్రిలో మొదటి వారం వైద్యులు పోరాడేది ఎక్కువగా ఈ రెండవ హానితోనే.

అయితే ఆ మంటను శత్రువు అని వెంటనే తీర్మానించరాదు. చచ్చిన కణాల చెత్తను ఎత్తివేసేది ఎవరు? ఆ మైక్రోగ్లియాలే. గాయం మానడానికి కావలసిన పదార్థాలను విడుదల చేసే కణాలలోనూ అవి ఉన్నవి. కూలిన ఇంటి రాళ్ళూరప్పలూ ఎత్తిపోయడానికి వచ్చిన కూలీలే, పని ముగిసినా వెళ్ళకుండా నిలిచి ఉన్న గోడలను కూడా పడగొట్టసాగితే ఎట్లుంటుందో, అట్లున్నది ఈ వ్యవహారం. వారిని అసలు రానీయకపోతే చెత్త అట్లే మిగులుతుంది, వెళ్ళకపోతే ఇల్లే మిగలదు. లండన్ పరిశోధకులు 2011లో ప్రకటించిన ఒక పరిశీలనలో, దెబ్బ తగిలిన 17 ఏళ్ళ తరువాత కూడా కొందరి మెదడులో ఈ కణాలు చల్లారలేదని తేలినది. తలదెబ్బ నుండి కోలుకున్నాడనుకున్న మనిషి ఏళ్ళ తరబడి మతిమరుపు, చిరాకు, నిద్రలేమి అంటుంటే ఇంట్లో వాళ్ళు "వీడికి అలవాటైపోయింది" అని విసుగుకోవడం నేను చూచాను. లోపల మంట ఇంకా చల్లారక పోయి ఉండవచ్చునన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఈ విషయం చదివినప్పుడు నాకు గురుకులంలో సుశ్రుతం చెప్పుకున్న రోజులు జ్ఞాపకం వచ్చాయి. సూత్రస్థానంలో వ్రణశోథాన్ని మూడు దశలుగా చెబుతాడు సుశ్రుతుడు: ఆమం, పచ్యమానం, పక్వం. పండని వాపును కోసిన వైద్యుడు రక్తస్రావాన్నీ సిరాస్నాయు నాశాన్నీ తెచ్చిపెడతాడు. పండిన దానిని ఉపేక్షించిన వైద్యుడు చీమును లోలోపలికి పాకనిస్తాడు. ఇద్దరూ ఒకటే తప్పు చేశారు, దశను గుర్తించలేదు. మర్మాలలో విశల్యఘ్నములని మూడు ఉన్నవి. రెండు ఉత్క్షేపాలు, ఒక స్థపని. మూడూ శిరస్సుకు చెందినవే. అక్కడ గుచ్చుకున్న శల్యం ఉన్నంతకాలం మనిషి బ్రతుకుతాడు, తొందరపడి పెరికితే ప్రాణం పోతుంది అని చెప్పబడినది. సుశ్రుతునికి మైక్రోగ్లియా తెలుసునని నేను వాదించబోవడం లేదు. అటువంటి వాదాలు విని విని నాకు విసుగు పుట్టినది. ఆయనకు తెలిసినది వేరు. తల విషయంలో "తీసివేయి, ఆర్పివేయి" అనే తొందర చంపుతుందని ఆయన చూచాడు.

ఆధునిక వైద్యులు ఈ సంగతిని చాలా మూల్యం చెల్లించి నేర్చుకున్నారు. కార్టికోస్టిరాయిడ్లు శోథాన్ని అణచడంలో మేటి మందులు. వాటిని తలదెబ్బలకు ముప్పై ఏళ్ళకు పైగా వాడుతూ వచ్చారు. వాపు తగ్గితే రోగి బాగుపడాలి కదా అన్నది తర్కం. చివరకు క్రాష్ అనే పేరుతో పెద్ద పరీక్ష జరిగినది. 49 దేశాలలోని 239 ఆసుపత్రులలో, దెబ్బ తగిలి ఎనిమిది గంటలు దాటని 10,008 మందిని చేర్చుకొని, సగం మందికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 48 గంటలు ఎక్కించి, మిగిలిన సగం మందికి మందు లేని ద్రవం ఎక్కించారు. 20,000 మందిని చేర్చుకోవాలని మొదలుపెట్టిన పరీక్షను 2004లో మధ్యలోనే ఆపివేశారు. కారణం, రెండు వారాలలో మందు తీసుకున్న వారిలో నూటికి 21.1 మంది మరణించగా, తీసుకోని వారిలో 17.9 మంది మాత్రమే మరణించారు. నూటికి ముగ్గురి తేడా. ఇన్నేళ్ళూ ఎంతమందికి ఆ మందు ఎక్కి ఉంటుందో ఆలోచిస్తే గుండె జలదరిస్తుంది. ఆ వైద్యులందరూ మంచి ఉద్దేశంతోనే ఎక్కించారు.

అందువలన "శోథహరం" అన్న మాట వినగానే మురిసిపోయే పాఠకులకు నేను ఈ పరీక్షను గుర్తు చేస్తుంటాను. పసుపు శోథహరమే. నేను నిత్యం వాడతాను. కాని తలదెబ్బ తగిలిన మనిషికి పాలలో పసుపు కలిపి త్రాగించి మెదడును రక్షించామనుకోవడం శాస్త్రం కాదు. పసుపులోని కర్కుమిన్ పేగుల నుండి రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. స్పృహ సరిగా లేని మనిషి నోట పాలు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం మాత్రం చాలా పెద్దది.

ఇక కణచికిత్స సంగతి. స్టిరాయిడ్ల అనుభవం తరువాత పరిశోధకుల ఆలోచన మారినది. మంటను అణచే బదులు, దానిని నడిపే కణాలను దారికి తేగలమా అని చూడసాగారు. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో డాక్టర్ చార్లెస్ కాక్స్ బృందం ఈ మార్గంలో చాలాకాలంగా పనిచేస్తున్నది. తీవ్రమైన తలదెబ్బ తగిలిన పిల్లల నుండి 48 గంటలలోపు ఎముక మూలుగను తీసి, అందులోని కొన్ని కణాలను వేరుచేసి, ఆ బిడ్డ సిరలోకే తిరిగి ఎక్కించారు. 2011లో మొదట ప్రకటించినది 10 మంది పిల్లల మీద. అది ఈ పద్ధతి వలన అపాయం ఉన్నదా లేదా అని చూచే పరీక్ష. 2017లో 25 మంది పెద్దల మీద, 2024లో 47 మంది పిల్లల మీద జరిగిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. కణాలు తీసుకున్న పిల్లలకు ఇంటెన్సివ్ కేర్‌లో అవసరమైన చికిత్స భారం తగ్గినట్లు కనిపించినది. ఆశ కలిగించే వార్తే. కాని క్రాష్ పరీక్షలోని పదివేల మంది ముందు 47 మంది ఎంత? అదిగాక ఇది దెబ్బ తగిలిన రెండు రోజులలో చేసిన చికిత్స. ఎనిమిది నెలల తరువాత వచ్చిన యువకునికి దీనితో సంబంధం లేదు.

కరపత్రాలలో వ్రాయని మరొక సంగతి ఉన్నది. సిరలోకి ఎక్కించిన కణాలు మెదడులోకి పోయి కొత్త మెదడుగా మొలుస్తాయని ప్రజలు అనుకుంటున్నారు. వాటిలో చాలా భాగం ఊపిరితిత్తులు, ప్లీహం వంటి అవయవాలలోనే ఆగిపోతుంది. హ్యూస్టన్ పరిశోధకులే మూలుగ నుండి పెంచిన ఒక రకపు కణాలను ఎలుకల మీద ప్రయోగించినప్పుడు, ప్లీహం ఉన్న ఎలుకలలో మెదడు చుట్టూ ఉండే కంచె కాపాడబడినది. ప్లీహం తీసివేసిన వాటిలో ఆ ఫలితం రాలేదు. అనగా ఆ కణాలు దూరాన ప్లీహంలోని రోగనిరోధక కణాలతో మంతనాలాడి, అక్కడి నుండి మెదడులోని మంటకు సందేశం పంపుతున్నవన్నమాట. తలకు తగిలిన దెబ్బకు ఉదరంలోని అవయవం సాక్ష్యం చెప్పడం, దేహాన్ని ఒక్కటిగా చూడమని నేర్చుకున్న నాకు ఎంతో ముచ్చట గొలిపినది.

బోస్టన్ నగరంలో మరికొన్ని ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఒక బృందం బి-కణాలనే తెల్లకణాలను గాయమైన ఎలుక మెదడులో ఉంచి, అక్కడికి చేరే ఇతర కణాల తీరు మెత్తబడుటను గమనించినది. మరొక బృందం కణాలను ఎక్కించకుండానే, ముక్కు ద్వారా ఒక ప్రతిరక్షకాన్ని ఇచ్చి శరీరంలోని నియంత్రక టి-కణాలను ప్రేరేపించినది. ఇవి మెదడుకు చేరి మైక్రోగ్లియాలను శాంతపరచి, చెత్త ఎత్తే పనికి మళ్ళించాయని 2025లో ప్రకటించారు. ఈ నియంత్రక కణాల రహస్యాన్ని వెలికితీసిన వారికే అదే సంవత్సరం వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి కూడా లభించినది. బోస్టన్ ప్రయోగాలు రెండూ ఎలుకల మీద జరిగినవి.

ముక్కు ద్వారా అనగానే మనవారిలో కొందరికి ఉత్సాహం పుడుతుందని నాకు తెలుసు. "చూశారా, ఇది మన నస్యకర్మే!" అంటారు. శిరోరోగాలకు ముక్కే వాకిలి అని భావించిన శాస్త్రం మనది, నిజమే. కాని ఒక ప్రతిరక్షకం ముక్కు పొరలలోని రోగనిరోధక కణాలను తాకడం వేరు, అణుతైలం చుక్కలు వేయడం వేరు. తలకు దెబ్బ తగిలినప్పుడు కపాలపు అడుగుభాగం చిట్లి ఉండవచ్చును. అప్పుడు ముక్కు నుండి నీటి వంటి ద్రవం కారుతుంది. అది జలుబు కాదు, మెదడును కాపాడే ద్రవం. ఆ దారిన నూనె వేస్తే మెదడు పొరలకు చీము పట్టించినట్లే అవుతుంది. కొత్త తలదెబ్బకు నస్యం చేయరాదు, మూర్ఛపోయాడని ముక్కులో ఉల్లిరసం పిండరాదు. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

మా గురువుగారి వద్ద ఉన్న రోజులలో, 1977 ప్రాంతాన, తాటిచెట్టు మీద నుండి జారిపడిన గీతకార్మికుని తీసుకువచ్చారు. అతడు తానే లేచి కూర్చున్నాడు, మంచినీళ్ళు అడిగాడు, పడిన సంగతి చెప్పాడు. తల వెనుక చిన్న బొప్పి. నేను ఉత్సాహంగా ఆకుపసరు నూరడం మొదలుపెట్టాను. గురువుగారు అతని కళ్ళు చూచి, నాడి చూచి, ఎన్నిసార్లు వాంతి అయినదని అడిగారు. రెండుసార్లు అన్నారు. "నూరడం ఆపు. బండి కట్టించు" అన్నారు నాతో. పట్నంలోని పెద్దాసుపత్రికి చేరేసరికి మనిషి మత్తులో పడ్డాడు. కపాలం తెరచి గడ్డకట్టిన రక్తం తీశారు. మరుసటి సంవత్సరం అతడు మళ్ళీ చెట్టెక్కాడు. మర్మాభిఘాతం వద్ద మన పసరు ఎక్కడ ఆగిపోవాలో తెలిసి ఉండడమే గురువుగారి వైద్యంలో గొప్పతనమని నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. ఆనాడు మాత్రం "మన వద్ద లేనిదా?" అని లోలోపల నొచ్చుకున్నాను.

ఆ గీతకార్మికుని వలె మొదట బాగా మాట్లాడి, తరువాత మత్తులోకి జారేవారు ఉంటారు. కనుక ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవలసినవి ఇవి: పదే పదే వాంతి, పెరుగుతున్న తలనొప్పి, మగత, మాటలో తేడా, ఒక కంటిపాప రెండవదాని కంటె పెద్దది కావడం, చెవి ముక్కుల నుండి రక్తం లేక నీరు, ఫిట్లు, ఒక ప్రక్క బలహీనత. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేయవలెను. రక్తం పలుచబరచే మాత్రలు వాడే పెద్దలకు తలదెబ్బ తగిలితే ఏ లక్షణం లేకపోయినా చూపించవలెను. ఫిట్లు వచ్చిన మనిషి చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముఖాన సోడా చల్లి కూర్చోబెట్టడం, నోట్లో నీళ్ళు పోయడం మానుకోవాలి. మెడను కదల్చకుండా పడుకోబెట్టాలి. వాంతి వస్తుంటే తల, మెడ, ఒళ్ళు ఒకే వరుసలో ఉండునట్లు ఒక ప్రక్కకు త్రిప్పాలి. దారిన పడినవానిని ఆసుపత్రికి చేరిస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇంకా ఉన్నది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో, మంచి మనసుతో సాయపడినవారికి రక్షణ కల్పించారు.

మరల ఆ దంపతుల వద్దకు వస్తాను. కరపత్రం తిరిగి ఇచ్చి నేను వారికి చెప్పినది ఇది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప మూలకణాల చికిత్స ఏదైనా ప్రయోగదశలోనే ఉన్నట్లు లెక్క. దానిని అనుమతి పొందిన పరీక్షలో భాగంగానే చేయాలి, పరీక్షలో చేరిన రోగి వద్ద సొమ్ము తీసుకోకూడదు. "కాబట్టి వాళ్ళను మూడు ప్రశ్నలు అడుగు నాయనా" అన్నాను. "ఇది పరీక్షా, రుజువైన చికిత్సా? పరీక్ష అయితే కేంద్రప్రభుత్వపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఎంత? పరీక్ష అయితే డబ్బు ఎందుకు అడుగుతున్నారు?"

అతడు కరపత్రంలో ఒక వాక్యం చూపించాడు, జపానులో దీనికి ఆమోదం లభించినదని. అందులో సగం నిజం ఉన్నది. 2024 జులైలో జపాను ప్రభుత్వం, తలదెబ్బ తరువాత చాలాకాలంగా మిగిలిపోయిన చేతికాళ్ళ బలహీనతకు ఒక కణ ఔషధాన్ని షరతులతో, కాలపరిమితితో అనుమతించినది. దానికి ఆధారమైన పరీక్షలో శస్త్రచికిత్స చేయించుకున్నది 61 మంది. ఆ కణాలను మెదడులో గాయమైన చోటు దగ్గర శస్త్రచికిత్స చేసి ఉంచుతారు. ఇక్కడ సిరలోకి సూదిమందు వేస్తామని చెప్పే కరపత్రానికి ఆ ఆమోదంతో ఏమి సంబంధం? పేరు ఒకటే కనుక సరుకూ ఒకటే అనడం కల్తీ నేతి వర్తకుల పద్ధతి. మా ఆయుర్వేదంలోనూ ఆ బాపతు వర్తకులకు కొదువ లేదని ఒప్పుకుంటూనే చెబుతున్నాను.

"మరి మీరేమిస్తారండీ?" అని అడిగినది ఆ తల్లి, మొదటిసారి నోరు విప్పి. తిరిగి మెదడును మొలిపించే మందు నా వద్ద లేదని చెప్పాను. బ్రాహ్మి, శంఖపుష్పి వంటి మేధ్య ద్రవ్యాలను నేను ఇస్తూ ఉంటాను గాని, తెగిన తంతువులను అవి అతికిస్తాయని చెప్పి ఇవ్వను. ఫిట్ల మందు వాడుతున్నవారికి నరాల వైద్యుని అడగకుండా అవి కూడా ఇవ్వను. బిగుసుకున్న చేతికాళ్ళకు గోరువెచ్చని నూనెతో మృదువైన మర్దన, ఎముక తీసిన చోట మాత్రం చెయ్యి పెట్టరాదు. మలబద్ధకం లేకుండా ఆహారం, వేళకు నిద్ర, పొగ మద్యం పూర్తిగా మానడం. అన్నింటికంటె ముఖ్యంగా ఫిజియోథెరపీ, మాటకు శిక్షణ. రెండెకరాల డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ఏళ్ళ తరబడి సాగే ఈ శిక్షణకే పెట్టమన్నాను. కోపం, ఏడుపు ఆ పిల్లవాని గుణం కాదు, గాయం లక్షణం అని చెప్పినప్పుడు ఆమె కన్నీళ్ళు పెట్టుకున్నది. ఎనిమిది నెలలుగా ఈ మాట వారికి ఎవరూ చెప్పలేదట.

పొలం ఇంకా అమ్మలేదు. వారానికి మూడు రోజులు ఊరి బస్సులో ఫిజియోథెరపీకి తీసుకువెళుతున్నారు. కార్తీకంలో మరల వచ్చినప్పుడు అబ్బాయి ఎడమ చేత్తో సంతకం చేసి చూపించాడు, నా ఎదుట తండ్రి మీద ఒకసారి అరిచాడు కూడా. కరపత్రం వారు మూడు ప్రశ్నలకు సమాధానం ఇవ్వలేదు గాని, రాయితీ ఇస్తామని మళ్ళీ ఫోను చేశారట.